మిరప కల్లంలో ఎర్ర గొంతు పిట్ట

ఈ ఉదయం నందిగామలో మా డాబా మీద ఎండుమిరపకాయలు పరుస్తుంటే బట్టల తీగ మీద ఒక చిన్న పిట్ట వాలింది. గొంతు మాత్రం నారింజ రంగు. మిరప ఘాటుకి తోడు ఆ గొంతు చూడగానే పెనుగంచిప్రోలులో మా కల్లం గుర్తొచ్చింది.

అప్పుడు నాకు ఏడేళ్లు. చలికాలమంతా కల్లం కంచె మీద ఇలాంటి పిట్టే ఉండేది, తెల్లటి గొంతుతో. గాల్లో పురుగును పట్టి మళ్లీ అక్కడికే వచ్చి వాలేది. కల్లంలో కాయలు పోశాక రోజురోజుకీ దాని గొంతు ఎర్రబడసాగింది.

"నాన్నా, దీనికి కారం అంటింది. గొంతు మండి చచ్చిపోద్ది!"

"పిట్టకి కారమేంటే, పిచ్చిమొద్దూ! పట్టా కప్పాలి, ఆ కొస పట్టుకో."

నేను వినలేదు. కొబ్బరిచిప్పలో మజ్జిగ పోసి కంచె కింద పెట్టాను. వారం తిరక్కుండానే పిట్ట కనబడకుండా పోయింది. ఆ రోజు ఏడ్చి ఏడ్చి అన్నం ముట్టలేదు.

ఇప్పుడైతే చూడగానే పోల్చుకున్నాను. నారింజ రంగు గొంతు దగ్గరే ఆగింది, దాని కింద బూడిద పట్టీ ఉంది, నల్లటి తోక మొదట్లో రెండు పక్కలా తెలుపు. సైబీరియా నుంచి వచ్చే ఈగపట్టు పిట్ట. మన వైపు అరుదు. తిరుగు ప్రయాణానికి ముందే మగపిట్ట గొంతుకి ఆ రంగు వస్తుంది. మన కల్లాల్లోకి మిరప వచ్చేదీ అప్పుడే.

నాలుగేళ్ల మా పాప నా చున్నీ లాగింది. "మమ్మీ, దానికి దెబ్బ తగిలిందా?"

దోమ కుట్టి పాప చెంప ఎర్రబడినా కంగారుపడే నేను, ఈసారి తడుముకోకుండా చెప్పాను.

"లేదు బంగారం. వాళ్ల ఊరెళ్తోంది, ముస్తాబైంది."