పదో రీలు తర్వాత తొమ్మిదో రీలు

మొన్న శుక్రవారం పొద్దున కల్లంలో వేరుశనగ కాయలు ఎండబోస్తుండగా వనపర్తి నుంచి ఫోన్ వచ్చింది. ఖాసిమన్న కూతురు షహనాజ్. "ఫుప్పూ, అబ్బా పోయిండు" అన్నది. ఫోన్ ఇంకా చెవికే ఉన్నది. మేకలు కాయల్లో పడి తింటున్నా అదిలించలేదు. నన్నెరిగినవారికి ఈ ఒక్క మాట చాలు, నా స్థితి ఏమిటో తెలుస్తుంది.

ఫుప్పూ అంటే మేనత్త. నేను ఆ ఇంట్లో పుట్టలేదు, ఆ మతంలో పుట్టలేదు. అయినా ఆ ఇంటి పిల్లలకు వేరే మేనత్త లేదు.

ఎనభై ఒక్క ఏండ్లు నిండిన మనిషి పోతే అకాల మరణం అని రాయడం అబద్ధం. రాయను. 'తీరని లోటు' అన్న మాటను కూడా పోయిన ప్రతివానికీ అతికించి అరగదీశారు. కనుక దాన్ని ఇప్పుడే వాడను. ఆ మాటకు ఖాసిమన్న తగినవాడని ముందు రుజువు చేసి, తర్వాత వాడతాను. నాకు అక్షరాలు యాభై రెండో ఏట వచ్చాయి. ఆలస్యంగా వచ్చినవాటిని దుబారా చేయడం నా వల్ల కాదు.

ఆయన జ్ఞాపకార్థం వేస్తున్న ఈ చిన్న పుస్తకం చదివేవారిలో చాలామంది ఆదివారం మధ్యాహ్నాలు ఆయన మైక్ సెట్ దుకాణంలో కూడి పాత పాటలు విన్నవారే. మీకు ఆయన తెలుసు. కానీ ఆయన గురించి మీకు తెలిసిన ఒక సంగతి తప్పు. అది సరిదిద్దడానికే ఈ నాలుగు మాటలు.

ఆ రోజు నేను వనపర్తి చేరేసరికి వాళ్ల ఇంటి ముందు మగవాళ్లు అరుగుల మీద కూర్చుని ఉన్నారు. ఎదురు చాయ్ హోటల్ రాములు, పాపం దుర్మార్గుడు కాడు, పొద్దున్నుంచి అందరికీ ఊరికే చాయ్ పోస్తున్నవాడే, నిట్టూర్చి "ఉల్టా ఖాసిం గూడ పోయె. ఇగ పైన దేవుని కాయిదాలు గూడ ఉల్టా పెడ్తడేమో!" అన్నాడు. ఇద్దరు ముగ్గురు ముసిముసిగా నవ్వారు. ఖాసిమన్న పడుచుతనంలో, గుడారం వేసి సినిమాలాడే డేరా టాకీసులో ఆపరేటరు. అక్కడ రీళ్లు తారుమారు చేసి పని పోగొట్టుకున్నాడని అరవై ఏండ్లుగా ఆయనకు ఉల్టా ఖాసిం అనే పేరు. లోపల గోడ పక్కన కూర్చున్న షహనాజ్ ఆ మాట విన్నది. నా చెయ్యి పట్టుకుని "ఫుప్పూ, నిజం చెప్పు. అబ్బాకు పని రాకుండెనా?" అని అడిగింది.

"వచ్చు బిడ్డా. వచ్చు గనకనే మార్చిండు" అన్నాను. అప్పుడే అనుకున్నాను, ఇక దాచేది లేదని.

ఆయన పని ఎలాంటిదో ముందు చెప్తాను. రికార్డుల కాలంలో ముల్లు పెట్టే పని ఆయన ఎవ్వరి చేతికీ ఇవ్వలేదు, కన్నకొడుకుకు కూడా. రికార్డును మెత్తని పాత మల్లు గుడ్డతో పసిబిడ్డ మొహం తుడిచినట్టు తుడిచేవాడు. ఒకసారి నాగర్‌కర్నూలు దగ్గర ఒక పెండ్లిలో పెద్ద నాయకుడు వచ్చి మైకు అందుకోబోయాడు. పాట ఇంకా నడుస్తున్నది. పెండ్లివారు "ఆపు, ఆపు" అని కళ్లెర్రజేస్తున్నారు. ఈయన చేతులు జోడించి "జర ఆగుండ్రి సార్, ఇంకొక్క చరణమే ఉన్నది" అన్నాడు. నాయకుడు ఆగాడు! తర్వాత నేను తిడితే ఆయన చెప్పిన మాట మీరూ విన్నదే: "పాట నడుమ ఆపుడంటే అన్నం తినేటోని చెయ్యి పట్టుకునుడే చెల్లె."

పాటగాళ్ల విషయంలో మా ఇద్దరికీ ఎన్నడూ కుదరలేదు. ఆయనకు గంభీరమైన మంద్రస్వరం ఇష్టం. నాకు హుషారు గొంతు కావాలి. "నీ పాటగానికి పడిశం పట్టింది, జర మిరియాల కషాయం పొయ్యి" అనేదాన్ని. "నీ పాటగాడు బస్సు పోతదన్నట్టు పాడ్తడు. అచ్చంపేట బస్సు ఎక్కియ్యి వాన్ని, మల్ల రాకుంట" అనేవాడు. ఒక్క గాయని దగ్గర మాత్రం ఇద్దరం నోరు మూసుకునేవాళ్లం. ఆయన డేరాలో రీళ్లు తారుమారు చేసిన ఆ సినిమాలో తల్లి పాడే జోలపాట ఆమెదే. ఆ పాట పెట్టినప్పుడు ఆయన కుర్చీలో కూర్చోడు, నిలబడే వింటాడు. ఎందుకో మీరెవ్వరూ అడగలేదు.

ఆ సినిమా పేరు ఇక్కడ రాయను. రాస్తే మీ మనవళ్లు ఫోన్లో తీసి చూస్తారు. చూడాల్సిన పని లేదు. దాని కథ గురించి దుకాణంలో జరిగిన కొట్లాటలు మీకు గుర్తుండే ఉంటాయి. "తల్లి సచ్చిపోతది, ఇగ రాదు" అని మీరు. "సచ్చిపోయి మల్ల వస్తది, బిడ్డను నిద్ర పుచ్చుతది, బిడ్డ పెద్దదైతది" అని నేను. మీరు పొట్ట పట్టుకుని నవ్వేవారు. అప్పుడు ఖాసిమన్న లేచి "ఆమె చెప్పిందే ఖరారు. మిషను తిప్పినోన్ని నేను, నాకు తెల్వదా?" అనేవాడు. దాంతో మీ నవ్వు నా మీదినుంచి ఆయన మీదికి మళ్లేది. "నువ్వు తిప్పితే గట్లనే ఉంటది" అనేవారు. ఆయనా మీతో కలిసి నవ్వేవాడు.

నాకు తొమ్మిదేండ్లప్పుడు మా వడ్డేపల్లికి డేరా టాకీసు వచ్చింది. ఆ ఏడాది వానకాలంలోనే మా అమ్మ పురిట్లో పోయింది. నేను అన్నం మానేశాను, మాట మానేశాను. ఏం చేయాలో తోచక మా నాయినమ్మ నన్ను డేరాకు తోలుకపోయింది. ఇసుకలో కూర్చున్నాం. తెర మీద ఒక తల్లి జ్వరంతో చచ్చిపోయింది. ఆమె బిడ్డ, నా ఈడుదే, గుంజను పట్టుకుని ఏడ్చింది. డేరా అంతా ఏడ్చింది. ఒకే మిషను కనుక రీలు రీలుకూ దీపాలు వేసేవారు. మళ్లీ దీపాలార్పి బొమ్మ వేస్తే, ఆ తల్లి తలలో పూలు పెట్టుకుని, బిడ్డను ఒళ్లో వేసుకుని జోలపాట పాడుతున్నది. జనంలో ఒకాయన "అరె, సచ్చినామె ఎట్లొచ్చె?" అన్నాడు. వెనుకనుంచి ఇంకొకాయన "తల్లి గద, ఉండబుద్ధి గాలే" అన్నాడు. అందరూ ఊరుకున్నారు. సినిమాలో ఎవరూ ఆశ్చర్యపోలేదు. నేనూ పోలేదు. ఆ తర్వాతి రీల్లో బిడ్డ పెద్దదైపోయింది. ఇంటికి వచ్చి అన్నం తిన్నాను.

మరునాడు ఒక్కదాన్నే డేరాకు పోయి, మిషను దగ్గర నిలబడిన పడుచువాణ్ణి అడిగాను: "అన్నా, ఇయ్యాల గూడ అమ్మ తిరిగొస్తదా?"

"ఎవలి పిల్లవే నువ్వు? మీ అమ్మేది?"

"సచ్చిపోయింది. మల్ల రాలే."

మసి చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. "వస్తది పో. ఇయ్యాల గూడ వస్తది, రేపు గూడ వస్తది" అన్నాడు. మొదటి రోజుతో కలిపి పదకొండు రోజులు వచ్చింది. తర్వాతి పది రోజులూ మిషను పక్కన గుడ్డ పైకెత్తి నన్ను లోపలికి తీసుకున్నది ఆయనే. పన్నెండో రోజు మిషను దగ్గర వేరే మనిషి ఉన్నాడు. ఆ రోజు నాకు గుడ్డ ఎత్తేవారు లేరు. ఎందుకో అప్పుడు నాకు తెలియదు.

మళ్లీ ఆయన కనబడింది నా పెండ్లయి వనపర్తి పక్క ఊరికి వచ్చినాక. బజారులో ఆ జోలపాట వినబడితే, ఆ గొంతు వచ్చే దిక్కు పట్టుకుని నడిచిపోయి మైక్ సెట్ దుకాణం ముందు నిలబడ్డాను. నేను పోల్చుకోకముందే ఆయన పోల్చుకున్నాడు. "అన్నం తింటున్నవా?" ఆయన అడిగిన మొదటి మాట అది.

చదువు చెప్పింది కూడా ఆయనే. ఆయన ట్రంకు పెట్టె నిండా సినిమా పాటల పుస్తకాలు. "నీకు పాట నోటికొచ్చు. అచ్చుల ఉన్నది గూడ గదే పాట. నోరు ఏడికి పోతే వేలు ఆడికి పోవాలె, గంతే చదువంటే" అన్నాడు. ఆదివారం ఆదివారం పాట పాడుతూ వేలు నడిపించాను. ఎనిమిది నెలల తర్వాత ఒకనాడు బస్సు బోర్డు మీద నాగర్‌కర్నూలు అని నేనే చదివి ఎక్కాను. ఎవ్వరినీ అడగకుండా ఎక్కిన మొదటి బస్సు అది. ఒక్క ఆ సినిమా పుస్తకం మాత్రం ఎన్నిసార్లు అడిగినా "చెదలు తిన్నయి" అనేవాడు.

ఒక ఆదివారం ఆయన నమాజుకు పోయినప్పుడు, పుస్తకాలకు ఎండ తగిలిద్దామని పెట్టె ఖాళీ చేశాను. అడుగున ప్లాస్టిక్ కవరులో చుట్టి, చెదలు కాదు చుక్క మరక కూడా లేకుండా, ఆ పుస్తకం ఉన్నది. మొదటి పేజీలో కథ. కూడబలుక్కుని చదివాను. తల్లి బిడ్డకు జోల పాడుతుంది. తర్వాత జ్వరం వస్తుంది. తర్వాత చచ్చిపోతుంది. అంతే. ఆ బిడ్డను మేనత్త పెంచుతుంది.

ఆయన వచ్చేసరికి పుస్తకం నా ఒళ్లో ఉన్నది. "ఇదేంది?" అన్నాను.

టోపీ తీసి మడిచి జేబులో పెట్టుకున్నాడు. "దొరికిందా! నీకు అక్షరాలు చెప్పేటప్పుడే అనుకున్న, ఎన్నడన్న దీనికాడికొస్తవని."

"ఇన్నేండ్లు అమ్మ తిరిగొస్తదని ఊరంతటితోని కొట్లాడితిని. నన్ను నవ్వులపాలు జేస్తివి."

"నిన్నెవడన్న నవ్విండా? నవ్వింది నన్ను. నీకేం తక్కువైంది?"

అప్పుడు చెప్పాడు. గద్వాల నుంచి డబ్బాలు వస్తుంటే వానకు పైన నంబర్లు తుడిచిపెట్టుకుపోయాయి. జోలపాట ఉన్న తొమ్మిదో రీలుకు ముందు, తల్లి చచ్చిపోయే పదో రీలు ఎక్కింది. "మొదటి దినం నాదే తప్పు. రెండో దినం సంది తప్పు గాదు" అన్నాడు. గద్వాలలో సినిమా చూసివచ్చిన ఒక పెద్దమనిషి డేరా సేటుకు ఫిర్యాదు చేశాడు. సేటు మూడుసార్లు చెప్పాడు. మూడుసార్లూ ఈయన తలూపి, పదే ముందు ఎక్కించాడు. పన్నెండో రోజు వెళ్లగొట్టారు. గద్వాల నుంచి నాగర్‌కర్నూలు దాకా ఏ టాకీసూ మళ్లీ ఆయన్ను మిషను గదిలోకి రానివ్వలేదు. ఆపరేటరు కావాలని పదేండ్ల వయసు నుంచి రీలు డబ్బాలు మోసిన మనిషి.

"సేటుకు సంగతి చెప్పొద్దా?" అన్నాను.

"ఏమని? పిల్లకు మాటిచ్చిన, సినిమా మార్చిన అనా? మంచిగ వింటడు!"

"అయితే ఇప్పుడే అందరికి చెప్త."

"నేను బతికున్నన్ని దినాలు చెప్పకు చెల్లె. చెప్తే నేను పెద్దమనిషినైత, నువ్వు మల్ల తల్లి లేని పిల్లవైతవు. నాకు గా పేరే బాగున్నది."

కోపంతో మూడు ఆదివారాలు పోలేదు. నాలుగో ఆదివారం పోతే నా కుర్చీ మీద గుడ్డ కప్పి ఉన్నది, ఎవ్వరూ కూర్చోకుండా. ఆ తర్వాత ఆ సినిమా గురించి నేను వాదించడం మానేశాను. ముసలిదై నోరు పడిపోయిందనుకున్నారు మీరు. పదిహేడేండ్లు మాట నిలబెట్టుకున్నాను. బతికున్నన్ని రోజులే చెప్పవద్దన్నాడు. పోయినాక చెప్పవద్దని అనలేదు.

కాబట్టి విజ్ఞులారా, ఆదివారం మిత్రులారా, చాయ్ హోటల్ రాములూ, వినండి. ఖాసిం మియాకు పని వచ్చు. రీళ్ల వరుస ఆయనకు తెలిసినంత ఈ మూడు ఊళ్లలో ఇంకెవ్వరికీ తెలియదు. తెలిసే తప్పాడు, పదిసార్లు, ఒక పిల్ల అన్నం తినడం కోసం. దానికి మూల్యంగా తన వృత్తిని, తన పేరును ఇచ్చి, ఏనాడూ తిరిగి అడగలేదు. ఉల్టా ఖాసిం అని ఇక ఎవరైనా అనదలిస్తే నా ముందుకు వచ్చి అనండి. ఆ పేరు వెనుక ఏమున్నదో తెలిసి అంటే, నేనూ మీతో కలిసి అంటాను. షహనాజ్ కూడా అంటుంది.

దాచిపెట్టుకున్న మాట ఇప్పుడు వాడుతున్నాను. తీరని లోటు. డెబ్బై ఏండ్ల దాన్ని, చదువు వచ్చినదాన్ని, తొమ్మిది తర్వాతే పది అని నాకు తెలుసు. అయినా శుక్రవారం నాడు ఆ ఇంట్లో కూర్చుని, తొమ్మిదేండ్ల పిల్లలాగా ఒక్కటే అడగాలనిపించింది: అన్నా, రేపు గూడ తిరిగొస్తవా? వస్త పో అని చెప్పి, సేటును ఎదిరించి ఆ రీలు ఎక్కించగల చెయ్యి ఒక్కటే ఉండేది. దాని మీదనే ఆ మధ్యాహ్నం మన్ను పోశారు.