నేను ఏ వేళ పుట్టాను?

ఆ రోజుల్లో మా వైపు కుర్రాడు డస్సిపోవడానికి నాగలి పట్టనక్కర్లేదు, పెళ్ళీడుకు వస్తే చాలు. మిగతాది ఇంట్లో పెద్దవాళ్ళు చూసుకునేవారు. అరవైల చివర నేను రాజాంలో ఒక ధాన్యం కొట్లో గుమాస్తాగా ఉండేవాణ్ణి. మా మేనమామ కూతురు కళింగపట్నం దగ్గర పల్లెలో ఉండేది. ఆ పిల్ల నాకేనని మాకు ఊహ తెలియకముందే రెండిళ్ళలోనూ అనేసుకున్నారు. ఊహ తెలిశాక మేమూ, ఒకరితో ఒకరం చెప్పుకోకుండానే, అందుకు ఒప్పేసుకున్నాం. అంతా సాఫీగా జరిగిపోవలసిందే. కానీ ఆ ఏడు మా నాన్నకు వరసగా రెండు ఎడ్లు చచ్చిపోయి, జ్యోతిషం మీద అంతులేని నమ్మకం కుదిరింది. (ఎడ్లకు జాతకాలు ఉండవు కనుక ఆ నమ్మకమంతా నా మీద పడింది.)

రాజాం పంతులుగారు రెండు జాతకాలూ పక్కపక్కన పెట్టుకుని పెదవి విరిచారు. జన్మనక్షత్రాల్ని బట్టి ఇద్దరిదీ ఒకటే నాడి, అలాంటి జంటకు పెళ్ళి చేయకూడదు అన్నారు. మా నాన్న మొహం చూసి జాలిపడి, "అబ్బాయి పుట్టిన వేళ ఉజ్జాయింపుగా వేసినట్టున్నారు, అసలు వేళ కనుక్కోండి, మళ్ళీ చూద్దాం" అన్నారు. ఆ మాట అనకుండా ఉంటే మేమందరం ఆ వేసవి కాస్త నీడపట్టున కూర్చునేవాళ్ళం.

నేను పుట్టేనాటికి మా ఇంట్లో గడియారం లేదు. "కోడి కూసినప్పుడు పుట్టినాడు, నా సెవులార ఇన్నాను" అనేది అమ్మ. "నొప్పుల్లో ఉన్నదానివి, నీకేటి ఇనపడతాది? గొడ్లు సాలలోకొచ్చిన ఏళ అది" అనేది నాన్నమ్మ. పొద్దున నేను కొట్టుకి వెళ్ళేటప్పుడు తెల్లవారుజామున పుట్టేవాణ్ణి, తిరిగొచ్చేసరికి సందెవేళ పుట్టేవాణ్ణి. ఇక్కడ ఇలా ఉండగా మావయ్య దగ్గర్నుంచి కబురొచ్చింది. ఆడపిల్లను ఎన్నాళ్ళని కూర్చోబెడతాను, ఈ వైశాఖం దాటితే నరసన్నపేట సంబంధం ఖాయం చేసేస్తాను అని. ఆ రాత్రి అన్నం సహించలేదు. సహించలేదన్న సంగతి ఎవరూ గమనించలేదు, కోడి గొడవలో ఉన్నారు.

చివరికి నాకు పురుడు పోసిన మంత్రసానినే అడుగుదామని నాన్న నన్ను వెంటబెట్టుకుని బయల్దేరాడు. ఆవిడ ఎక్కడో కూతురింట్లో ఉంటోంది. బస్సు దిగాక జీడితోటల గట్టు మీద మండుటెండలో నడక. ఆవిడ నా గడ్డం పట్టుకుని ఎంతో ప్రేమగా చూసింది. "ఈ గుంటడేనేటి? మరిసిపోతానేటి నాను? కాళ్ళు ముందొచ్చినాడు. ఆవేళ వాన ఒకటే వాన" అంది. నాన్న పొంగిపోయి ఇంటికి రాగానే అమ్మకు చెప్పాడు. "వానేటి? అది ఎండాకాలం. కాళ్ళు ముందొస్తే నాకు తెలీదేటి? అది పక్కింటోళ్ళ గుంటడు" అంది అమ్మ. నాన్న అరుగు మీద కూలబడి, కాళ్ళు చాపుకుని, సాయంత్రం దాకా అరికాళ్ళు ఒత్తుకున్నాడు.

ఇక రామతీర్థంలో ఒక పెద్ద సిద్ధాంతిగారున్నారు, ఆయన మాటే ఆఖరు అని రెండు కుటుంబాలూ ఒప్పుకున్నాయి. మావయ్య తన కూతుర్ని తీసుకుని వచ్చాడు. మేం నలుగురం వెళ్ళాం. కొండ కింద ఆయన ఇంట్లో చాపల మీద కూర్చుని అమ్మ కోడి సంగతీ, నాన్నమ్మ గొడ్ల సంగతీ మొదటి నుంచీ చెప్పారు. ఆయన కళ్ళు మూసుకుని విన్నారు (నిద్రపోయారేమో అని నా అనుమానం). తర్వాత పాత పంచాంగం తిరగేసి, "తెల్లారకట్ల పుట్టినా, సందెవేళ పుట్టినా మీ వాడిది శ్రవణమేనమ్మా. ఆ రోజంతా శ్రవణమే, నాడి మారదు" అన్నారు.

నాన్న కండువాతో మొహం తుడుచుకున్నాడు. అమ్మా నాన్నమ్మా మొదటిసారి ఒకరి వైపు ఒకరు దిగులుగా చూసుకున్నారు. సిద్ధాంతిగారే మళ్ళీ అన్నారు. "అమ్మాయిది రోహిణి ఆఖరి ఘడియలు. ఇంకాస్త ఆగి పుట్టి ఉంటే మృగశిర అయ్యేది, నాడి మారిపోయేది. కానీ ఆమె వేళ గడియారం చూసి రాసిందట కదా."

"అవునండి. నా గడియారమే" అన్నాడు మావయ్య. ఆ చేతి గడియారం రేవులో ఓడ మనిషి దగ్గర ఆయన కొన్నది. ఊళ్ళో ఇంకెవరికీ లేదు. ఎవరు టైము అడిగినా, అడగకపోయినా, చెప్పేవాడు.

అప్పటిదాకా గోడకు ఆనుకుని ఉన్న మరదలు మెల్లగా అంది. "నాన్నా, అది ఆగిపోతా ఉంటాది కదా."

"ఎప్పుడాగినాది?" అన్నాడు మావయ్య.

"అమ్మ సెప్పినాది. నాను పుట్టిన దినం కూడా ఆగిపోనాదట."

మావయ్య కూతుర్ని చూశాడు. ఆమె తల దించుకోలేదు. పిల్ల కళ్ళలో ఏం కనబడిందో, ఆయన చెయ్యి ముంజేతి మీదికి వెళ్ళి, చొక్కా చేతిని గడియారం మీదికి లాక్కుంది. అంతమందిలో, ముఖ్యంగా మా నాన్న ముందు, తన గడియారం ఆగుతుందని ఒప్పుకోవడం ఆయనకు ఎంత కష్టమో మాకు తెలుసు.

"అవునండి" అన్నాడు చివరికి. "ఆగిపోయీది. నానే అందాజుగా సెప్పినాను."

"ఎంతసేపు ఆగింది?" అన్నారు సిద్ధాంతిగారు.

"ఎంతసేపు కావాలండి?" అన్నాడు మావయ్య, బాగా అలసిపోయిన గొంతుతో.

సిద్ధాంతిగారు నవ్వలేదు. కలం తీసుకుని మృగశిర అని రాశారు.

వైశాఖంలోనే పెళ్ళయింది. ఇన్నేళ్ళలో మాకు నాడుల వల్ల ఏ ఇబ్బందీ రాలేదు, వచ్చినవన్నీ వేరే వాటి వల్ల వచ్చాయి. కానీ నాకు ఎక్కువగా గుర్తొచ్చేది పెళ్ళి కాదు, ఆ రోజు తిరుగు బస్సు. విజయనగరం దాకా అందరం ఒకే బస్సులో వచ్చాం. ముందు సీట్లో కూర్చున్న మరదలు ధైర్యం చేసి నా కోసం వెనక్కి తిరిగి చూసిందట. నేను కిటికీ చువ్వకు తల ఆనించి, నోరు తెరుచుకుని నిద్రపోతున్నానట. ఇప్పటికీ ఎవరింటికి వెళ్ళినా ఈ సంగతి చెప్పకుండా కాఫీ తాగదు. నాకు మాత్రం ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే తట్టి లేపాలనిపించదు. పాపం, పడుకోనీ, ముందు చాలా ఉంది అనిపిస్తుంది.