కొత్తవాళ్ళ వెనక కుర్చీ

నుదుటికి బామ్ రాసుకుంటే చాలు, ఆ ఘాటు వెంట సరళక్క గుర్తుకొచ్చేస్తుంది. ఇవాళా అంతే. మా బెంగళూరు ఆఫీసులో కొత్తగా చేరిన పిల్ల కంప్యూటర్ ముందు చెమటలు కక్కుతోంది. నేను ఆ పిల్ల వెనక కుర్చీలో పళ్ళు బిగించుకుని కూర్చున్నాను. తెరమీద మావాళ్ళు రాసిన పేజీ, 'ఇది చాలా తేలిక' అని మొదలవుతుంది. ఎవరికి తేలిక? ఆ మాట చూస్తే ఒళ్ళు మండిపోతుంది నాకు.

మా కంపెనీ ఒక ప్రోగ్రామింగ్ భాషను తయారుచేస్తుంది. దాన్ని నేర్చుకునేవాళ్ళు చదివే పేజీలన్నీ సరళక్క చేతిమీదుగానే వెళ్ళేవి. దొడ్డబళ్ళాపురం మనిషి, నోరు కరుకు. ఏ పేజీ అయినా ముందు కొత్తవాళ్ళకు ఇచ్చి, రాసినవాళ్ళను వాళ్ళ వెనక కూర్చోబెట్టేది. రాసినవాళ్ళు నోరు విప్పకూడదు.

ఊరి చివర చందాపురలో ఫ్యాక్టరీ ప్యాకింగ్ పని మానేసి నేను ఇక్కడ శిక్షణకు చేరినప్పుడు ఆ కొత్తమనిషిని నేనే. వారంలోగా మొదటి ప్రోగ్రాం నడిపించకపోతే మళ్ళీ ప్యాకింగే గతి. పేజీలో ఉన్నది ఉన్నట్టు, లైను మొదట్లోని డాలరు గుర్తుతో సహా టైపు చేశాను. తప్పంటూ ఎర్ర అక్షరాలొచ్చాయి. మళ్ళీ చేశాను, మళ్ళీ అవే. సిగ్గుతో చచ్చిపోయి సంచి తీసుకుని లేచాను. "సారీ మేడమ్, నాకంత బుర్ర లేదు."

"కూర్చోమ్మా. నీ బుర్రకేమైంది?" అంది అక్క, నుదుటికి బామ్ రుద్దుకుంటూ.

పేజీ రాసినాయన ఇక ఆగలేకపోయాడు. "డాలరు గుర్తు టైపు చెయ్యకూడదక్కా, అది కంప్యూటరే చూపిస్తుంది. అందరికీ తెలిసిందేగా."

"ఎవరికప్పా తెలిసింది? ఈ పాపకు తెలీదే. ఈ పాప కోసరమే కదా నువ్వు రాసింది?"

ఆయన మొహం మాడ్చుకుని పేజీలోంచి ఆ గుర్తు తీసేశాడు. నేను మళ్ళీ టైపు చేశాను, ప్రోగ్రాం నడిచింది. ఏడుపొచ్చేసింది. అక్క ఓదార్చలేదు. "ఏడ్చేది తర్వాత. రేపట్నుంచి నా పక్కన కూర్చో. నీ తెలీనితనం నాలుగు దినాలే ఉంటాది. అది పోయేలోపల నాకు పని చేసిపెట్టు" అంది. తెలియకపోవడాన్ని ఒకరు కోరి అడగడం నేనప్పుడే విన్నాను.

అక్క ఇప్పుడు లేదు. ఆ డాలరు గుర్తును మాత్రం ఎన్నిసార్లు తీయించినా ఎవరో ఒక మహానుభావుడు మళ్ళీ తెచ్చిపెడతాడు. పైగా అది నా కంటికే ఆనదు. అన్నీ తెలిసిపోయాయి కదా, నా ఖర్మ. ఇవాళ కూడా పేజీ రెండుసార్లు చదివి బాగుందన్నాను. ఈ పిల్ల టైపు చేసి, ఎర్ర అక్షరాలు వచ్చాకే ఆ గుర్తును చూశాను.

"సారీ అక్కా, నాకు రావట్లేదు" అంటూ సంచి అందుకుంది.

"కూర్చోమ్మా" అన్నాను. "నువ్వు లేకపోతే నాకు తెలిసేదే కాదు."