వంక నీళ్ళ మీద ఒక అర్జీ

ఇప్పుడు మీకొక మహాకావ్యం చెప్పబోతున్నాను. ఇందులో నెరిసిన జుట్టు వీరవనిత ఉంది, కొండంత కంపెనీ ఉంది, ఎర్రగా పారే విషపుటేరు ఉంది, చేతిలో చట్టం పట్టుకుని దూకిన యువకుడున్నాడు. నిన్న హిందూపురం నుంచి పెనుకొండ వస్తుంటే, బస్సులో పక్కసీటు పెద్దాయన నొప్పుల మందు సీసా మూత తీసి మోకాలికి రాసుకున్నాడు. ఆ కర్పూరం ఘాటు ముక్కుకు తగలగానే హసీనా టీచర్ గుర్తొచ్చింది, ఇదంతా ఇలా రాయాలనిపించింది. సోమందేపల్లి దాటేసరికి నిజం కూడా గుర్తొచ్చింది. వీరవనిత మోకాళ్ళనొప్పులతో రెండు మెట్లెక్కితే కూర్చునేది. ఏరంటే ఒక వంక, వానాకాలంలో తప్ప దాన్ని ఎవరూ ఏరుగా లెక్కచేయరు. కంపెనీ రాక్షసుడు కాదని తేలింది. యువకుణ్ణి నేనే కాబట్టి అతని గురించి తక్కువ చెప్పుకోవడం మంచిది.

హసీనా టీచర్ ధర్మవరం హైస్కూల్లో మాకు సైన్సు చెప్పింది. రిటైరయ్యాక పెనుకొండలో తమ్ముడి ఇంటి మేడకింద గదిలో ఉండేది. అందరూ రిటైరయ్యాక తీర్థయాత్రలకు పోతారు, ఆవిడ ఆఫీసులకు పోయేది. సమాచార హక్కు చట్టం కింద అర్జీలు పెట్టడం ఆవిడ వ్యాపకం. నేను డిగ్రీ అయిపోయి, ధర్మవరంలో ఖాళీగా ఉంటూ, ఫోన్లో ఊరిమీద వేళాకోళం వీడియోలు తీసి పెట్టేవాణ్ణి. నాలుగు సందులవాళ్ళు చూసి నవ్వేవాళ్ళు, దాన్నే నేను వృత్తి అనుకునేవాణ్ణి. టీచర్ చేయి వణకడం మొదలయ్యాక అర్జీ రాసిపెట్టేవాడు కావలసి నాకు కబురంపింది. "ఏమప్పా చంద్రా, ఊరికే నవ్విస్తాండావంట. ఈడికొచ్చి రాయి, పుణ్యముంటాది" అంది. పుణ్యంతోపాటు టీ కూడా ఉంటుందేమోనని పోయాను.

ధర్మవరం దాటగానే ఒక బట్టల మిల్లు ఉండేది. బట్టకు రంగులద్ది, ఇస్త్రీ చేసి లారీల్లో పంపించేవాళ్ళు. రోడ్డుపక్క పెద్ద బోర్డు పెట్టారు: "మా మిల్లు నుంచి ఒక్క చుక్క రంగునీరు కూడా బయటికి రాదు." కింద, మిల్లులో నీళ్ళు శుద్ధిచేసే విభాగం చూసే గంగాధర్ అనే అతని ఫొటో, రెండు చేతులు జోడించి. మిల్లుకు దిగువన ఉన్న పల్లె అతనిది. ఆ పల్లె పక్కన పారే వంక మాత్రం ఒకరోజు ఎర్రగా, ఒకరోజు పచ్చగా పారేది. గొడ్లు ఆ నీళ్ళు వాసన చూసి తల తిప్పుకునేవి. బోర్డు ఒకటి చెప్తోంది, గొడ్లు ఒకటి చెప్తున్నాయి. నేను గొడ్లపక్షం.

మొదటి అర్జీ నేనే రాశాను. "మా ప్రజలను ఈ మిల్లు ఎందుకు చంపుతున్నది?" అని మొదలుపెట్టాను. నాకు చాలా బాగా వచ్చిందనిపించింది. టీచర్ చదివి, కళ్ళద్దాలు తీసి, మోకాలికి మందు రాసుకుంటూ అంది: "ఎందుకు అని ఎవరినీ అడిగేకి లేదు నాయనా. ఆఫీసులో ఉండే కాగితం ఇయ్యమనాల, అంతే. పైగా కంపెనీని అడిగే హక్కు మనకు లేదు. కంపెనీ మీద తనిఖీ చేసి ఆఫీసోళ్ళు ఏం రాసుకున్నారో అది అడిగే హక్కు ఉండాది."

"చంపుతున్నారు అన్నమాట ఉంచుదామా?"

"నువ్వు చచ్చినావా?"

లేదు కాబట్టి కొట్టేశాను. చివరికి తేలిన అర్జీ ఎంత చప్పగా ఉందంటే, నేనే పూర్తిగా చదవలేకపోయాను: మిల్లులో జరిగిన తనిఖీ నివేదికల ప్రతులు, వంకనీళ్ళ పరీక్ష ఫలితాల ప్రతులు ఇప్పించగలరు. కింద నా పేరు పెట్టించింది. "వయసులో ఉండేవాడు పెట్టల్ల, నేను జవాబొచ్చేదాకా ఉంటానో లేదో" అంది. ఆవిడ అలా అన్నప్పుడు నేనొక జోకు వేసేవాణ్ణి, ఆవిడ నవ్వేది. మా మధ్య అదొక ఒప్పందం.

ఇలాంటి అర్జీ పెడితే, ఆఫీసువాళ్ళు ముందు ఆ కంపెనీకే రాసి, ఈ కాగితాలిస్తే మీకేమైనా అభ్యంతరమా అని అడుగుతారు. నాకా సంగతి తెలియదు. మిల్లు తప్పకుండా అభ్యంతరం పెడుతుందని పందెం కట్టినంత ధీమాగా చెప్పాను. అభ్యంతరం లేదని మిల్లు రాసిచ్చినట్టు మాకు కబురొచ్చింది. టీచర్‌కు అక్కడే అనుమానమొచ్చింది. "దాచుకునేవాడు అట్ల రాస్తాడా చంద్రా?"

"తెలివైనవాడు రాస్తాడు టీచర్."

ఆ మాటకు ఆవిడ నవ్వింది. తర్వాత ఆ నవ్వును ఆవిడ చాలాసార్లు తలుచుకుంది.

జవాబు రాకముందే నేను తొందరపడ్డాను. వంకలో ఎర్రనీళ్ళ ముందు నిలబడి, వెనక మిల్లు బోర్డు కనబడేట్టు వీడియో తీశాను. "చుక్క కూడా వదలం అన్నారు, నిజమే. చుక్కలుగా వదలడం లేదు, కాలవగా వదులుతున్నారు. గంగాధరన్నా, అంత శుభ్రంగా ఉంటే ఒక గ్లాసు తాగి చూపించు." టీచర్‌కు చూపిస్తే అప్పుడూ నవ్వింది. ఆ పల్లెలో ప్రతి ఫోనుకూ అది చేరింది. గంగాధర్‌ను పిల్లలు 'చుక్క' అని పిలవడం మొదలుపెట్టారు. టీ అంగట్లో అతను కూర్చుంటే పక్కన జాగా ఖాళీ అయ్యేది.

ఒక సాయంత్రం నేను ఆ పల్లెలోనే ఉన్నాను, కొత్త వీడియోకు ఏదైనా దొరుకుతుందేమోనని. దొరికింది. డ్యూటీ దిగి వస్తున్న గంగాధర్ మోటారుసైకిలును టీ అంగడి దగ్గర ఆపారు. ఒకతను గాజుగ్లాసులో వంకనీళ్ళు తెచ్చాడు. "ఏమబ్బా గంగాధరా, మీ కంపెనీ తీర్థం. తీసుకో." అందరూ నవ్వారు. ఇంకొకతను, "చిన్నప్పటినుంచి తెలిసినోడివి, మాకు నువ్వన్నా నిజం చెప్తావనుకుంటిమి కదప్పా" అన్నాడు. అతను నవ్వడం లేదు. గంగాధర్ గ్లాసువైపు చూడలేదు, ఫోను పట్టుకున్న నావైపు చూశాడు. "మా నీళ్ళు కాదు అవి. అయినా మీరు నమ్మేకి నేను తాగాల్నంటే, ఇటియ్యండి" అని ఒక్క గుక్కలో తాగేశాడు. గ్లాసు బల్లమీద పెట్టి, బండి స్టార్టు చేసుకుని పోయాడు. రాత్రికి వాంతులు పట్టుకున్నాయి. ధర్మవరం ఆసుపత్రిలో సెలైన్ పెట్టారు.

ఆ వీడియో టీచర్‌కు పంపాను, మెచ్చుకుంటుందని. ఫోన్ చేసింది. "చూసినా. ఆ ఫోను కిందపెట్టి గ్లాసు లాక్కోవల్లని నీకు తోచలేదా?" నేనేదో జోకు వెతికాను. ఆవిడ వినకుండా పెట్టేసింది. మా ఒప్పందం అక్కడితో రద్దయింది.

జవాబు రిజిస్టర్ పోస్టులో మా ఇంటికొచ్చింది. కవరు చింపకుండా పెనుకొండ తీసుకుపోయాను. ఆవిడే చదివింది, నేను ఆవిడ ముఖం చదివాను. మిల్లులో నీళ్ళు శుద్ధిచేసి మళ్ళీ మిల్లులోనే వాడుతున్నారు, బయటికి పోయే గొట్టం మూసి సీలు వేసి ఉంది. వంకలో మిల్లుకు దిగువ నీళ్ళలో ఎంత రంగుందో, ఎగువ నీళ్ళలోనూ అంతే ఉంది. ఎగువన రంగు కలుస్తున్న చోటు ఒక అద్దకం షెడ్డు వెనకనున్న మురుగు మోరీ. షెడ్డు యజమానికి ఇదివరకే నోటీసు ఇచ్చారు. యజమాని పేరు దగ్గర టీచర్ ఆగింది.

"మీ నాయన పేరు వెంకటస్వామేనా?"

మాది పట్టు అద్దకం. నేను పుట్టినప్పటినుంచి మా ఇంటివెనక మోరీ రంగుల్లోనే పారింది. ఈవారం ఏ రంగు పెళ్ళిచీరలకు గిరాకీ ఉందో మా సందువాళ్ళు మోరీని చూసి చెప్పేవాళ్ళు. చిలకపచ్చ పారితే నాయన మంచి మూడ్‌లో ఉన్నాడని లెక్క. ఊరి చివర వంకలో రంగు కనబడితే అది విషం, మా ఇంటివెనక కనబడితే అది మా అన్నం. రెండూ ఒకే నీళ్ళని నాకు ఒక్కసారి కూడా తోచలేదు. సైన్సులో నాకు మంచి మార్కులే వచ్చాయి, వేసింది కూడా ఆవిడే.

"టీచర్, ఈ కాగితం కొన్నాళ్ళు ఈడనే ఉండనీ" అన్నాను. బతిమాలాను అనడం సబబు. "షెడ్డు మూయిస్తారు. నాయనకు వేరే పని రాదు. మిల్లుకు పోయేదేముంది, వాళ్ళకు అంత పెద్ద బోర్డు ఉండాది."

"గంగాధరుకు ఏముండాది?"

నేను కాగితాన్ని మళ్ళీ కవరులో పెట్టబోయాను.

"అడిగింది మనం చంద్రా. జవాబు మనకు నచ్చల్ల అని అర్జీలో యాడన్నా రాసినామా?" కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుంది. "నువ్వు ఎగతాళి చేస్తే నేనూ నవ్వినా. లే, పోదాం."

గంగాధర్ ఇంటికి ఆవిడ ఆ మోకాళ్ళతోనే వచ్చింది. బస్సు దిగి పల్లెలోకి నడుస్తూ మూడుచోట్ల కూర్చుంది. ప్రతిచోటా నేను, ఇక్కణ్ణుంచే వెనక్కి పోతే బాగుండునని అనుకున్నాను. గంగాధర్ ఇంకా నీరసంగా మంచంమీదే ఉన్నాడు. వాళ్ళు కూర్చోమన్నా టీచర్ కూర్చోలేదు. "నీ మాట నిజం నాయనా. మేం తెలుసుకోకముందే నిన్ను నవ్వులపాలు చేసినాం. నేనూ నవ్వినా, నా తప్పు కూడా ఉండాది" అని కాగితం చేతికిచ్చింది. అతను చదవకుండా అడిగాడు: "మరి ఆ నీళ్ళు యాడివంట టీచర్?"

ఆవిడ నావైపు చూసింది, చెప్పమన్నట్టు. "మా నాయనవి" అన్నాను.

అతను కాగితం విప్పి యజమాని పేరు చూశాడు. "వెంకటస్వామి అన్న కొడుకువా? మా చెల్లెలి పెళ్ళిచీరకు పట్టు మీ షెడ్డులోనే అద్దించినాం." కాస్త ఆగి, "రంగు బాగా నిలిచింది" అన్నాడు. నేను జీవితంలో విన్న జోకులన్నింటిలో గొప్పది అదే. నవ్వడానికి నాకు ముఖం లేదు.

ఆ సాయంత్రం అదే టీ అంగడి ముందు టీచర్ నన్ను నిలబెట్టింది. నేను నివేదిక చదువుతూ మధ్యలో ఒక చమత్కారం దూర్చాను, అలవాటు. "ఆ మాట తీసేసి మళ్ళా చదువు" అంది, అందరిముందూ. మళ్ళీ చదివాను, యజమాని పేరుతో సహా. గ్లాసు తెచ్చినతను లేచి నిలబడి, దేనికోసం లేచాడో మరిచిపోయినవాడిలా మళ్ళీ కూర్చున్నాడు. నేను చదువుతుంటే టీచరే వణికే చేత్తో వీడియో తీసింది. సగం వీడియోలో నా చెప్పులే ఉన్నాయి. అదీ అన్ని ఫోన్లకూ చేరింది, కాకపోతే మొదటిదాని అంత తొందరగా కాదు.

ఇంటికి పోయేసరికి నాయనకు తెలిసిపోయింది. "ఏమప్పా, మిల్లుమీద అర్జీ పెట్టి నాయనను పట్టించినావంట?" అన్నాడు. కోపం కన్నా ఆశ్చర్యమే ఎక్కువ. నోటీసు సంగతి అడిగితే దేవుడి పటం వెనకనుంచి తీసిచ్చాడు, విప్పకుండా. ఆఫీసుల నుంచి ఏ కాగితమొచ్చినా మా ఇంట్లో దాని స్థానం అదే. గ్లాసు సంగతి అప్పటిదాకా నాయన వినలేదు. చెప్పాను.

"తాగినాడా?"

"తాగినాడు."

"ఏ రంగు?"

"ఎరుపు."

"ఎరుపులో ఆసిడ్ జాస్తి పోస్తాం" అన్నాడు నాయన మెల్లగా. లేచి షెడ్డులోకి పోయి, కాగుతున్న రంగుకాగు కింద మంట ఆర్పేశాడు. కాగులో పట్టు సగం ఉడికి ఉంది. ఆ సరుకు పాడైపోతుందని మా ఇద్దరికీ తెలుసు. నాయన తలుపు పక్కన కూర్చుని తన చేతులు చూసుకున్నాడు, గోళ్ళచుట్టూ ఎన్నేళ్ళయినా పోని ఎరుపు. మిల్లుమీద నేను తీసిన వీడియో నాయనకు కూడా నచ్చిందట. బంధువులకు పంపాడట.

తర్వాత షెడ్డు మూతపడలేదు. నీళ్ళు నిలిపి, సున్నం కలిపి, రంగు విరిగి అడుక్కు దిగాక పైనీళ్ళు వదలడానికి గుంత కట్టాలని ఆఫీసువాళ్ళు అన్నారు, కట్టాం. గంగాధరే వచ్చి కొలతలు చెప్పాడు. టీ తాగమంటే తాగాడు గాని, ముందు గ్లాసును వెలుతురులో పెట్టి చూశాడు. కావాలని చేశాడని నా నమ్మకం.

హసీనా టీచర్ పోయిన ఏడాది చనిపోయింది. ఆవిడ నుంచి నాకు మిగిలింది ధైర్యమని చెప్తే బాగుంటుంది. కాదు. ఎవరిమీదైనా మంచి జోకు నాలుక చివరికి వచ్చినప్పుడు, దీన్ని మింగాల్సింది ఎవరు అని ఒక క్షణం ఆగుతాను. ఈలోపు జోకు వేసే అదను దాటిపోతుంది. నా పేజీ చూసేవాళ్ళు బాగా తగ్గారు.

గుంత అడుగున చేరే మడ్డిని నెలకొకసారి నేనే ఎత్తిపోసి, ఎండబెట్టి, సంచుల్లో కడతాను. సంచులు తడిగా ఉంటే మడ్డి పట్టుకుపోయే బండివాళ్ళు తీసుకోరు.