స్టాఫ్ అని ఎక్కిన తుమ్మ

రైట్‌రైట్ బాబాయ్ బతుకంతా బస్సులోనే గడిచింది. కండక్టరుగా రిటైరై, ఊరి చివర తన చేలో రెండు గదుల ఇల్లు కట్టుకున్నాక కూడా ఆ అలవాటు పోలేదు. పిన్ని భోజనం వడ్డిస్తుంటే ఇంకాస్త కావాలంటే "రైట్ రైట్" అనేవాడు, చాలంటే "హోల్డాన్" అనేవాడు. చుట్టుపక్కల వాళ్ళందరికీ ఆ పేరే అలవాటైపోయి, అసలు పేరు ఆయనకే ఒక్కోసారి కొత్తగా వినిపించేది.

ఇంటి వెనక స్నానాల గది. ఇంటికీ దానికీ మధ్య ఓ ముళ్ళ తుప్ప మొలిచింది. మొదట్లో చిన్న మొక్క, పచ్చగా ముచ్చటగా ఉందని బాబాయే చెంబుడు నీళ్ళు కూడా పోశాడు. రెండు వానలు పడేసరికి అది మనిషంత ఎత్తు లేచి, పక్కన పిల్లల్ని పెట్టి, దారి మొత్తం కమ్మేసింది. స్నానానికి వెళ్ళాలంటే పిన్ని తువ్వాలు నెత్తికి చుట్టుకుని, కడుపు లోపలికి పీల్చుకుని, పీతలా అడ్డంగా నడవాలి.

సరే నరికేద్దామని బాబాయ్ కత్తి తీసుకున్న రోజునే, పక్క చేను మేకల మావయ్య అటుగా వచ్చాడు. "ఏంటి బావా, సర్కారు తుమ్మ మీద పడ్డావు?" అన్నాడు మామూలుగా.

బాబాయ్ ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఆగిపోయింది.

"సర్కారుదా? ఆ మాట ముందే చెప్పొద్దూ!"

"ఓరి నీ! అది పేరు బావా."

"పేరు ఊరికే పెడతారా? జీవితమంతా సర్కారు జీతం తిన్నవాణ్ణి. సర్కారు సొమ్ము మీద కత్తి పెడతానా?"

మావయ్య ఎంత నవ్వినా లాభం లేకపోయింది. ఆ రోజు నుంచి ఆ తుప్పకి పట్టిన యోగం ఇంటల్లుడికి కూడా పట్టదు. గాలికి ఓ కొమ్మ విరిగితే బాబాయ్ పాత పంచె చింపి కట్టు కట్టాడు. స్నానాల గదికి వెళ్ళడానికి పడగ్గది కిటికీ ఊచలు పీకించి, అటూ ఇటూ స్టూళ్ళు వేశాడు. "ముందు తలుపు ఎక్కడానికి, ఇది దిగడానికి" అని పిన్నికి వివరంగా చెప్పాడు కూడా. పిన్ని కొన్నాళ్ళు తడిబట్టలతో కిటికీ ఎక్కింది, దిగింది. ఒకరోజు అలా దిగుతుండగా ముళ్ళకొమ్మ ఆవిడ కొంగు పట్టుకుని వదల్లేదు. సగం లోపల, సగం బయట ఉండిపోయి, ఇల్లెగిరిపోయేలా అరిచింది.

బాబాయ్ పరుగెత్తుకొచ్చి, కొమ్మకి దెబ్బ తగలకుండా జాగ్రత్తగా చీర విడిపించాడు. అదే ఆవిడకి ఒంటికి కారం రాసినట్టయింది.

"నా కొంగు పట్టుకుని లాగడానికి ఇన్నేళ్ళలో మీకే ధైర్యం చాలలేదు. ఆ చెట్టు లాగుతుంటే దానికి నొప్పెడుతుందని చూస్తున్నారా?"

"అది కాదే, సర్కారు..."

సాయంత్రానికల్లా పిన్ని సంచి సర్దేసింది. అక్కగారింటికి ప్రయాణం. ఆ దారి తెరుచుకునేదాకా ఈ గుమ్మం తొక్కనంది. పిన్ని లేకపోతే బాబాయ్‌కి కాఫీ పొడి ఏ డబ్బాలో ఉంటుందో కూడా తెలీదు. ఆ మాట అటుంచి, "హోల్డాన్" అంటే వడ్డించడం ఆపే మనిషి ప్రపంచంలో ఆవిడొక్కతే.

గేటు దగ్గర పిన్ని వెనక్కి తిరిగింది.

"ఒక్క మాట చెప్పండి. మీ బస్సెక్కి ఎవడో 'స్టాఫ్' అంటే, టిక్కెట్ అడక్కుండా వదిలేసేవారా?"

"నేనా? గుర్తింపు కార్డు చూపించమనేవాణ్ణి!"

"మా అన్నయ్య సరదాగా స్టాఫ్ అన్నందుకు బావమరిదని కూడా చూడకుండా నడిదారిలో దించేశారు. మరి ఆ తుమ్మ సర్కారు అంటే నమ్మేశారే? కార్డు అడిగారా?"

ఆవిడ వెళ్ళిపోయింది. బాబాయ్ గేటు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఇంతకాలం ఓ దొంగ పాసింజరు తన చేలోనే, తన నీళ్ళే తాగుతూ, స్టాఫ్ అని చెప్పుకుని కూర్చుందన్నమాట!

మర్నాడు ట్రంకుపెట్టెలోంచి ఖాకీ చొక్కా తీశాడు. బొత్తాలు పొట్ట దగ్గర మొరాయించినా తొడిగాడు. విజిల్ నోట్లో పెట్టుకుని చెకింగ్‌కి దిగాడు. గేటు పక్కన వాళ్ళ నాన్న వేసిన నల్లతుమ్మ ఉంది. దానిదీ ముళ్ళ జాతే, కాబట్టి దాన్నీ వదల్లేదు. పూలు గుండ్రంగా పసుపు బంతుల్లా ఉన్నాయి. కాయ పూసలదండలా నొక్కులు నొక్కులుగా ఉంది. "నువ్వు మనవాడివే, కూర్చో" అని దాని బోదె తట్టాడు. వెనక తుప్ప దగ్గరికెళ్తే పువ్వు ఉడత తోకలా వేలాడుతోంది, కాయ పొడుగ్గా చిక్కుడుకాయలా ఉంది. పేరులో తుమ్మే తప్ప పోలిక ఒక్కటీ లేదు. బాబాయ్ విజిల్ ఊదాడు.

"దిగు!"

ఒక్కో తుప్పకీ విజిల్ ఊదుతూ అన్నీ నరికి పారేశాడు. చేతులు గీరుకుపోయి, దోసకాయలు చెక్కు తీసినట్టున్నాయి. దారి తెరుచుకుందని పిన్నికి ఫోన్ చేద్దామనుకుంటుండగా వాన పట్టుకుంది. వెలిశాక చేద్దాంలే అనుకున్నాడు. వారానికి ముసురు వెలిసి చూస్తే, నరికిన ప్రతి మొద్దు చుట్టూ గుత్తులు గుత్తులుగా చిగుళ్ళు.

మేకల మావయ్య గట్టు మీద కూర్చుని పడీ పడీ నవ్వాడు. "నువ్వు దాన్ని దింపలేదు బావా. లోపలినుంచి ఫుట్‌బోర్డు మీదకి జరిపావంతే. నేల కింద బుడిపెలా ఉంటుంది, అది పెకలించాలి."

"నువ్వు నవ్వకు! నీ మేకలు దాని కాయలు తిని నా చేలో పెంటికలేస్తున్నాయి. కడుపులో లగేజీ దాచుకుని వస్తున్నాయి అవి!"

"అయితే నా మేకల పొట్టలు కూడా తడిమి చూస్తావా ఏంటి?"

"గేటు దాటితే చూస్తా!"

బాబాయ్ గడ్డపార పట్టాడు. మావయ్య కూడా నవ్వుతూనే ఓ పక్క చెయ్యి వేశాడు. మొద్దు చుట్టూ తవ్వి, బుడిపె కిందిదాకా వెళ్ళి, పెళ్ళగించి ఎండకి పడేశారు. చివరి మొద్దు ఊడొచ్చినప్పుడు ఇద్దరూ వెనక్కి పడ్డారు. పడ్డవాడు పడ్డట్టే బాబాయ్ పిన్నికి ఫోన్ చేశాడు. "దారి క్లియర్. రైట్ రైట్."

పిన్ని వచ్చింది. స్నానాల గదిదాకా చేతులు ఊపుకుంటూ నడిచింది, తిరిగొచ్చింది, మళ్ళీ ఊరికే ఇంకోసారి నడిచింది. ఆవిడ మొహం చూసి బాబాయ్ ఊపిరి పీల్చుకున్నాడు. అప్పుడు సంచిలోంచి ఓ డబ్బా తీసిందావిడ. అందులో మొక్క. గులాబీ, పసుపు కలిసిన చిన్న చిన్న పూలు, గుత్తులుగా.

"మా అక్క ఇచ్చింది. ఎంత బాగుందో చూడండి!"

బాబాయ్ కాడ మీద వేలు పెట్టాడు. గరుకుగా పట్టుకుంది. సన్నటి ముళ్ళు. పిన్ని లోపలికెళ్ళగానే మావయ్య చెవిలో ఊదాడు. "బావా, ఇదీ అలాంటిదే. పిట్టలు దీని పళ్ళు తిని చేనంతా చల్లేస్తాయి. ఇంకో ఏడాదికి నువ్వు మళ్ళీ కిటికీలోంచే."

బాబాయ్ విజిల్ నోట్లో పెట్టుకున్నాడు. లోపల పిన్ని కూనిరాగం వినిపించింది. ఊదితే ఏమవుతుందో ఆయనకి తెలుసు. ఆ మొక్కతోపాటు ఆవిడా దిగిపోతుంది, ఈసారి శాశ్వతంగా. విజిల్ తీసి జేబులో వేసుకున్నాడు.

"అసలు కాయే కాయకపోతే?"

"కాయకపోతే అదేం చేస్తుంది పాపం!"

అప్పట్నుంచి డబ్బా మట్టిలో దిగకుండా గోడమీదే ఉంది, స్టాండింగ్ పాసింజరులా. రోజూ తెల్లారగానే బాబాయ్ కత్తెరతో ఒక్క పువ్వు కూడా మిగల్చకుండా కోసి, ఎక్కడ పారేస్తే ఏం మొలుస్తుందోనన్న భయంతో, పట్టుకెళ్ళి పిన్ని చేతిలో పెడతాడు. ఆవిడ వాటిని గ్లాసులో వేసి కిటికీలో పెట్టుకుంటుంది.

మొన్న అక్కగారితో ఫోన్లో అంటోంది. "ఏం చెప్పమంటావే అక్కా, సిగ్గేస్తోంది. ఈయనకి ఇన్నేళ్ళకి సరసం తెలిసింది. రోజూ నిద్ర లేవగానే పూలు!"

గుమ్మంలో నిలబడ్డ బాబాయ్ చెవులు ఎర్రబడ్డాయి. కత్తెర తీసుకుని గోడ దగ్గరికి నడిచాడు. పొద్దున చూడని మొగ్గ ఒకటి ఉండిపోయిందేమోనని అనుమానం.