జమ్మి కోసం కాచుకున్న మేనేజరు

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ లేదు. ఎంబీఏ అప్పుడే పూర్తిచేసినవాడికి ఉండే జబ్బే అది. కరీంనగర్ నుంచి బస్సెక్కి వెళ్లి భైంసాలో ఒక పత్తి జిన్నింగ్ మిల్లులో మేనేజరుగా చేరగానే, మిల్లు సేఠ్ ఒకటే మాట చెప్పాడు. "పోయిన సాలు సగం మంది పనోళ్లు పక్క మిల్లుకు పోయిండ్రు. గీసారి పత్తి పని అయిపోయేవరకు మనుషులు నిలవాలె. వాళ్లు నిలవకుంటే నువ్వు సుత నిలవవు." నేనేమీ బెదరలేదు. పనివాళ్లలో ఉత్సాహం నింపడమెలా అన్న పరీక్షలో క్లాసులో ఎక్కువ మార్కులు నావే మరి! గోడల నిండా 'మనమంతా ఒకే కుటుంబం' అని కాగితాలు అంటించాను. (ఎవరైనా వాటిని చదవగా నేను చూడలేదు. నేను మాత్రం రోజూ చదువుకునేవాణ్ణి.)

దసరా మర్నాడు మిల్లు తెరిచాం. అందరూ దసరాకు ఒకరి చేతిలో ఒకరు పెట్టుకునే జమ్మి ఆకు పట్టుకుని నా దగ్గరికి వస్తారు, భుజం తట్టి నాలుగు మంచి మాటలు చెబుదామని, కొత్త చొక్కా వేసుకుని లడ్డూల డబ్బా ముందు పెట్టుకుని నా గదిలో కూర్చున్నాను. ఎంతసేపటికీ ఒక్కరూ రాలేదు. కిటికీలోంచి చూస్తే అందరూ గేటు దగ్గర గుంపుగా నిలబడి నా గది వైపే చూస్తున్నారు. ఇంకేముంది, సమ్మె! నా నౌకరీ పోయినట్టే! బాపుకు ఏం చెప్పాలా అని పరేషానవుతూ రెండు లడ్డూలు తినేశాను కూడా (భయమేస్తే నాకు ఆకలెక్కువ).

చివరికి కాళ్లీడ్చుకుంటూ వెళ్లి, "ఏం కావాలె మీకు?" అన్నాను. మా బాపు కన్నా పెద్దవాడైన మేస్త్రీ నన్ను వింతగా చూశాడు.

"మాకేం గావాలె సారూ? నీ కోసమే జూస్తున్నం. గీ మిల్లుల అందరికన్న చిన్నోనివి నువ్వే. చిన్నోడు వచ్చి పెద్దోళ్ల చేతిల జమ్మి పెట్టాలె గని, మేమే నీ కాడికొస్తమా? ఒకటే కుటుంబమని గోడకు నువ్వే అంటిస్తివి గద!"

అంటే చదివారన్నమాట. నా దగ్గర జమ్మి కూడా లేదు. మేస్త్రీయే తన జేబులోంచి తీసి నా చేతిలో పోశాడు. "జర వంగు సారూ, నడుమేం ఇరగది" అంటుంటే ఒక్కొక్కరి కాళ్లకూ మొక్కుతూ పోయాను. ఆ సాలు ఎవరూ పక్క మిల్లుకు పోలేదు. లడ్డూలు మాత్రం రెండు తక్కువపడ్డాయి.

ఇప్పుడు మంచిర్యాలలో ఒక ఆఫీసులో పనిచేస్తున్నాను. మొన్న దసరా మర్నాడు పాత అలవాటు కొద్దీ జేబు నిండా జమ్మి వేసుకుని వెళ్లాను. నేను లేచేలోపే అందరూ వరసగా నా కుర్చీ దగ్గరికే వచ్చి, చేతిలో జమ్మి పెట్టి మొక్కారు. నా మీద ఎంత గౌరవమో అని పొంగిపోయాను. తర్వాత నేను జమ్మి ఇవ్వాల్సినవాళ్ల కోసం చుట్టూ చూశాను. ఆఫీసు మొత్తంలో నా కన్నా పెద్దవాళ్లు ఒక్కరూ లేరు. నవ్వుకుంటూ, జేబులోని జమ్మిని అలాగే ఇంటికి తెచ్చుకున్నాను.