పదిహేడో గుంట

ఎర్మెలిందా కల్పంచాయికి భయం కొత్త కాదు. యాభై రెండేళ్ళుగా దానితోనే కాపురం చేస్తోంది. పిడుగంటే భయం, మేనమామను పిడుగే తీసుకుపోయింది కాబట్టి. పూమా అంటే భయం, ఒక్క రాత్రిలో మందలోని తొమ్మిది లామా పిల్లల్ని చంపి వెళ్ళింది కాబట్టి. మొగుడు బతికున్నన్నాళ్ళూ గనిలోంచి తిరిగొస్తాడో రాడోనని భయం. ఇంత పిరికిమనిషి గాలి తప్ప ఇరుగుపొరుగు లేని ఆ ఎత్తులో నలభై లామాల్ని ఎలా మేపుకొస్తోందని ఎవరైనా అడగొచ్చు. భయపడుతూనే మేపుకొస్తోంది. భయం లేనివాళ్ళ మందలు ఏమయ్యాయో మా వైపు అందరికీ తెలుసు.

కాని ఆ ఏడు ఆగస్టులో తెల్ల ట్రక్కెక్కి వచ్చిన భయం వేరు. అది నవ్వుతూ వచ్చింది, టోపీ తీసి నమస్కారం కూడా పెట్టింది.

ట్రక్కులోంచి దిగినవాడు రెంజో అనే ఇంజినీరు. కింద పట్నం మనిషి, ఎండకు ముక్కు తోలు ఊడిపోయి ఉంది. మైళ్ళకొద్దీ పరుచుకున్న ఉప్పుపర్ర అడుగున నీళ్ళలో బ్యాటరీలకు పనికొచ్చే లిథియం కరిగి ఉందట, ఎక్కడ ఎంత ఉందో చూసి పోవాలట. చూడటమే, తవ్వుకుపోవడం కాదు అని ఊరి సభలో మూడుసార్లు చెప్పాడు. పర్ర మీద ఎక్కడ కాలు ఆనుతుందో, ఎక్కడ దిగబడుతుందో ఎర్మెలిందాకు బాగా తెలుసు. అందుకని సభవాళ్ళు ఆమెనే అతనికి తోడుగా పంపారు.

పని చిన్నదే. ఉప్పు పెచ్చు పగలగొట్టి మోచేతి లోతు గుంట తవ్వాలి. నీరు ఊరేదాకా కూర్చోవాలి. రెండు సీసాలు నింపి ఇస్తే రెంజో అందులో సన్నటి గాజు గొట్టం ఒకటి తేలేస్తాడు. చేదు నీళ్ళలోనే లిథియం ఎక్కువట. నీళ్ళు ఎంత చేదైతే గొట్టం అంత పైకి నిలబడుతుంది. అది ఎంత పైకి లేస్తే రెంజో మొహం అంత విప్పారుతుంది. గొట్టం మీది గీతలు ఎర్మెలిందాకు అర్థం కాలేదు గాని, ఆ మొహం చదవడం రెండు రోజుల్లో వచ్చేసింది.

ఆగస్టు నేలతల్లి పచమామ ఆకలి మీదుండే నెల. ఆమెకు పెట్టకుండా మావాళ్ళెవరూ పార వెయ్యరు. ప్రతి గుంటలోనూ ఎర్మెలిందా నాలుగు కోకా ఆకులు వేసి, కాస్త మొక్కజొన్న కల్లు ఒంపి, "తల్లీ, తెరుస్తున్నా, కోపగించుకోకు" అని అడిగేది. అడిగినంతసేపూ రెంజో టోపీ తీసి పక్కన నిలబడేవాడు. అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే తిట్టుకుంటూ భయపడొచ్చు, మంచివాణ్ణి చూసి భయపడటానికి తోడెవరూ దొరకరు.

పదిహేడో గుంట పర్ర అంచున పడింది. అక్కణ్ణుంచి రాయి విసిరితే వాళ్ళ ఊటలో పడుతుంది. ఊట అంటే ఎర్మెలిందాకూ ఆమె అక్క సతుర్నీనాకూ ఉన్నదంతా అదే. ఆ తియ్యటి నీళ్ళ చుట్టూ చాపంత పచ్చిక, ఆ పచ్చిక మీద నలభై లామాలు. రెండు రోజుల నడక దూరంలో ఇంకో చుక్క లేదు.

ఆ రోజు రెంజో ఆ ఎత్తు పడక, తలనొప్పితో ట్రక్కులోనే పడుకున్నాడు. ఊట పక్కనే చేదు పడుతుందేమోనన్న కంగారులో, ఆకులు వెయ్యడం మరిచి ఆమె ఒక్కతే తవ్వింది. ఊరిన నీటిలో వేలు ముంచి నాలుకకు రాసుకుంది. ఒళ్ళు జలదరించింది. పదహారు గుంటల్లో ఎక్కడా లేనంత చేదు.

'ఇది చూస్తే ఎగిరి గంతేస్తాడు' అనుకుంది. తలెత్తి చూస్తే లామాలు ఊట దగ్గర తలలు వంచి తాగుతున్నాయి. ఈ ఇంజినీర్లకు కావలసింది చేదు. తియ్యగా ఉన్న చోట వీళ్ళకేం పని? పొద్దున ఊటలో నింపుకున్న డబ్బా భుజాన వేలాడుతోంది. రెండు సీసాలూ ఆ నీళ్ళతోనే నింపేసింది. కోకా ఆకులు మాత్రం సంచిలోనే ఉండిపోయాయి. అబద్ధానికి అనుమతి ఏ మొహం పెట్టుకుని అడుగుతుంది!

ట్రక్కులో గాజు గొట్టం బుడుంగున మునిగింది.

"తియ్యటి నీళ్ళా?" రెంజో లేచి కూర్చున్నాడు.

"అంచు కద సారూ. ఇక్కడ ఇంతే."

అతను ఆమెకేసి అలాగే చూశాడు. చివరికి కాగితం మీద ఏదో రాసుకుని, "సరేనమ్మా, పూడ్చెయ్యండి" అన్నాడు.

ఇంటికొచ్చి అక్కకు చెప్తే సతుర్నీనా పొట్ట పట్టుకుని నవ్వింది.

"నువ్వా? నీ నీడ చూసి నువ్వే ఉలిక్కిపడే దానివి, ఇంజినీరుకే టోపీ పెట్టావా?"

"నవ్వకే అక్కా. తెలిసిపోతే?"

"తెలిస్తే ఏం చేస్తాడే, నిన్ను సీసాలో పోసుకుపోతాడా? ముందు ఆ సూప్ తాగు, చల్లారిపోతోంది."

సెప్టెంబరంతా దారిలో దుమ్ము లేస్తే చాలు ఎర్మెలిందా మంద చాటుకు పోయేది. వచ్చింది రొట్టెల బండి అని తెలిసేదాకా బయటికొచ్చేది కాదు. నేలతల్లికి పెట్టకుండా తెరిచిన గుంట కలలోకొచ్చేది. దొరికిపోతానేమోనని భయపడింది, తల్లి కోపగించుకుంటుందేమోనని భయపడింది. ఆమెను పట్టుకోబోయేది ఈ రెండూ కాదని మాత్రం తోచలేదు.

అక్టోబరులో మళ్ళీ దుమ్ము లేచింది. ముందు తెల్ల ట్రక్కు, దాని వెనక బోరు బండి. రెంజో దిగి బిస్కెట్ల డబ్బా ఆమె చేతిలో పెట్టాడు.

"ఎర్మెలిందమ్మా, మీ పదిహేడో గుంట మా పాలిట వరం!"

"వరమేంటి సారూ?"

"చేదెంత లోతుందో చూడటానికి పర్ర నడుమ లోతు బోర్లు వెయ్యబోతున్నాం. ఆ మిషన్లకీ, క్యాంపుకీ మంచినీళ్ళు కావాలి. ఈ చుట్టుపక్కల అంతా వెతికాం, తియ్యటి నీళ్ళు పడింది అక్కడొక్కచోటే. పెద్ద బోరు వేస్తే రోజంతా తోడుకోవచ్చు."

ఎర్మెలిందా చేతిలో బిస్కెట్ల డబ్బా కింద పడింది. తియ్యగా ఉన్న చోటే వీళ్ళకు పని. ఆ బోరు రోజంతా తోడేది ఎవరి నీళ్ళో ఆమెకు వేరే చెప్పనక్కర్లేదు. ఎన్నో భయాలు చూసిన మనిషే గాని, తన చేత్తో తానే పిలుచుకొచ్చిన భయాన్ని ఎప్పుడూ చూడలేదు.

"అబద్ధం సారూ," అంది. "అవి గుంట నీళ్ళు కావు. మా ఊట నీళ్ళు. నేనే పోశా."

రెంజో వంగి బిస్కెట్ల డబ్బా తీసి ట్రక్కు మీద పెట్టాడు. అరిస్తే బాగుండుననిపించింది ఆమెకు.

"ఎందుకమ్మా?"

"చేదు దొరక్కపోతే పోతారనుకున్నా. అక్కడ మంచినీళ్ళు లేవు సారూ, పచమామ మీద ఒట్టు. కావాలంటే తవ్వి చూసుకోండి. బండి మాత్రం వెనక్కి పంపెయ్యండి."

అతనే పార తీసుకున్నాడు. ఆమె కోకా ఆకులు వెయ్యబోతే ఆగాడు, టోపీ తీశాడు. తర్వాత పెచ్చు పగలగొట్టాడు. నీరు ఊరేదాకా ఇద్దరూ గుంట పక్కన కూర్చున్నారు. రెంజో సీసా తనే ముంచి, గాజు గొట్టం వేశాడు.

గొట్టం మునగలేదు. నిటారుగా నిలబడింది. పదహారు గుంటల్లో ఎక్కడా లేవనంత పైకి లేచింది.

ఎర్మెలిందా గొట్టం వంక చూడలేదు. అతని మొహమే చూసింది. ముందు నుదురు ముడిపడింది, తర్వాత కళ్ళు పెద్దవయ్యాయి, ఆపైన ఆ తోలూడిన మొహమంతా మెల్లగా విప్పారింది. ఆ నవ్వు ఆపుకోవాలని అతను చూశాడు కూడా. అతనివల్ల కాలేదు.

"మంచినీళ్ళు ఇంకెక్కడైనా చూసుకుందాం!" అని బోరు బండి డ్రైవరుకు కేకేశాడు. "సామాను ఇక్కడే దించు. మొదటి లోతు బోరు ఇదే."

ఆమె ఇంటికి ఎలా నడిచొచ్చిందో ఆమెకే తెలియదు. సతుర్నీనా గుమ్మంలో నిలబడి ఉంది.

"చెప్పేశావా? ఏమన్నాడు, తిట్టాడా?"

"లేదక్కా," అంది ఎర్మెలిందా. "నవ్వాడు."

సతుర్నీనా ఊటకవతల బోరు బండిలోంచి సామాను దిగడం చూసింది. లోపలికెళ్ళి ఇంట్లో ఉన్న డబ్బాలూ బిందెలూ, ఆఖరికి సూప్ కాచే గిన్నె కూడా బయటికి తెచ్చి, బోరు తోడేసేలోగా ఒక్కొక్కటే ఊటలో ముంచి నింపడం మొదలుపెట్టింది.